పెద్ద రేంజరు కాపలా

కొండ వెనక టేకు చెట్లు కొట్టించి అమ్ముకున్నది పెద్ద రేంజరే. ఆ నేరాన్ని తోడల్లుడి నెత్తిన రుద్దే దారి దొరక్క ఆయనకు కంటి మీద కునుకు లేదు.

ఆ కొండకు ఇద్దరు రేంజర్లు. అక్క మొగుడు పెద్ద రేంజరు, చెల్లెలి మొగుడు చిన్న రేంజరు. ఎవరి హద్దు ఎక్కడిదాకానో ఎవరూ తేల్చలేదు. ఆ గందరగోళమే ఇన్నాళ్ళూ పెద్దాయనను కాపాడింది. ఇప్పుడేమో అడవి ఎక్కడెక్కడ తరిగిందో ఉపగ్రహం ఫొటోలతో తేల్చడానికి మ్యాపుల మేడమ్ దిగింది. రోడ్డు ఎంత దగ్గర, వాలు ఎంత, కాపలా ఎవరిది అంటూ ఒక్కోదానికి తప్పు మార్కులు వేస్తారట. ఎక్కువ మార్కులొచ్చినవాడి ఉద్యోగం ఊడుతుందట.

మేడమ్ టీకి వెళ్ళగానే పెద్ద రేంజరు పిల్లిలా ఆవిడ గదిలో దూరాడు. బల్ల మీద ఉపగ్రహం ఫొటోతో చేసిన పటం పరిచి ఉంది. ఏవో చిన్న అక్షరాలున్న దాని మూల మీద ఆవిడ టిఫిన్ డబ్బా, సంచీ. అందులో కొండకు కొండే ఎర్రగా మండిపోతోంది! వెనకవైపు తను నున్నగా గొరిగించిన ముక్క ఒక్కటే చల్లగా, నీలంగా ఉంది.

ఆయనకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఎరుపంటే చెట్లు పోయిన చోటేగా, కంప్యూటరుకు మతి పోయిందన్నమాట. ఇలాంటి యంత్రం గురించి నేర్చుకోమని పోయినేడాది శిక్షణకు పిలిస్తే, తోడల్లుణ్ణి పంపి తను హాయిగా ఇంట్లో పడుకోవడం ఎంత తెలివైన పనో అనుకున్నాడు.

మధ్యాహ్నం అందరూ పటం చుట్టూ చేరారు.

"ఏ ముక్క ఎవరి కాపలాలో ఉందండీ?" మేడమ్ అడిగింది.

పెద్ద రేంజరు గొంతు సవరించుకున్నాడు. "ఆ నీలం ముక్క అచ్చంగా నాదమ్మా. గేటు తాళం నా మొలకే ఉంటుంది. నాకు తెలీకుండా అక్కడ చీమ కూడా దూరదు. మిగతా ఎర్రటిదంతా మా తమ్ముడిది. సొంతవాడు కదా అని ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నా."

"ఇదే మాట రాసిస్తారా?"

"అడగాలా? పెన్నివ్వండి!"

చిన్న రేంజరు తల వంచుకున్నాడు. భుజాలు మాత్రం అదురుతున్నాయి. ఏడుస్తున్నాడు పాపం అని పెద్దాయన మనసు కరిగింది.

"ఊరుకో తమ్ముడూ. నీ ఉద్యోగం పోయినా పిల్లల చదువులు నేను చూసుకుంటాలే" అని వీపు నిమిరి, ఠీవిగా సంతకం గిలికాడు.

మేడమ్ ఆ కాగితం భద్రంగా లోపల పెట్టింది. చిన్న రేంజరు తలెత్తాడు. నవ్వు ఆపుకోలేక కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"శిక్షణలో మొదటి రోజే చెప్పారన్నయ్యా, ఈ ఫొటోల్లో బతికున్న చెట్టే ఎర్రగా పడుతుందట, బోడినేలే నీలంగా పడుతుందట!"