నూట నలభైలో ఒకటి

“తీసేయండి డాక్టరు గారూ,” అన్నాడు శ్యామ్ బాబు. పక్క కుర్చీలో ఉన్న భార్య మొహం చూడకుండానే అన్నాడు.

భార్య సలోమికి మూడో నెల. కువైట్‌లో ఇంటిపని మానేసి వచ్చి రెండేళ్ళు, పెళ్ళయి ఏడాదిన్నర. నెల తప్పడం ఇదే మొదటిసారి. అమలాపురంలోని ఆ నర్సింగ్ హోంలో వారం కిందట ఆధార్ కార్డు చూసి వివరాలు రాసుకుని, కడుపు స్కానింగు తీసి, రక్తం తీసుకున్నారు. రెండూ కలిపిన రిపోర్టు ఫోనులోకి వచ్చి మూడు రోజులైంది. ఆ మూడు రోజులూ శ్యామ్ బాబుకి ముద్ద దిగలేదు.

“అంత తొందరేంటి మాస్టారూ?” అంది డాక్టరు ఉషారాణి. “ఇది అనుమానమే, నిర్ధారణ కాదు. స్కానింగులో తేడా ఏమీ లేదు. రక్తమే కొంచెం అటూ ఇటూగా ఉంది. అన్నీ కలిపి లెక్క కడితే, బిడ్డకి బుద్ధి ఎదగని జబ్బు ఉండడానికి నూట నలభైలో ఒక వంతు అవకాశం ఉందని వచ్చింది. అంత వస్తే మేం హై రిస్కు అని రాస్తాం.”

“ఖాయంగా ఎప్పటికి తెలుస్తుందండీ?”

“నాలుగు వారాలాగి కాకినాడ వెళ్తే ఉమ్మనీరు తీసి పరీక్ష చేస్తారు. ఆ రిపోర్టు రావడానికి ఇంకో రెండు మూడు వారాలు.”

“అప్పటికి ఐదో నెల వచ్చేస్తుందండీ.”

“వస్తుంది. ఇద్దరూ బయట కూర్చుని బాగా మాట్లాడుకోండి. నేనెక్కడికీ పోను.”

బయట హాలు నిండా కడుపులతో ఉన్న ఆడవాళ్ళే. ఇద్దరికీ కలిపి ఒకటే కుర్చీ దొరికింది. శ్యామ్ బాబు నిలబడ్డాడు.

“ఏవండీ,” అంది సలోమి, “నూట నలభైలో ఒకరంటే, మిగతా నూట ముప్పై తొమ్మిది మందీ బాగున్నట్టే కదండీ?”

రాజోలు ప్రైవేటు స్కూల్లో అతను లెక్కల మాస్టారు. ఇదే లెక్క ఏడో క్లాసు పిల్లాడు తప్పు చేస్తే బెంచీ ఎక్కిస్తాడు. సొంత బిడ్డ దగ్గరకొచ్చేసరికి మాస్టారికి లెక్కే రాకుండా పోయింది.

“ఆ ఒక్కటీ మనదైతే?” అన్నాడు.

“మనదైతే మనమే పెంచుకుంటామండీ.”

“మనం పోయాక?”

సలోమి చున్నీ కొంగు వేలికి చుట్టుకుంది.

“పాస్టరు గారి చేత ప్రార్థన చేయించుకున్నామండీ దీనికోసం. స్కానింగు టీవీలో చూసేరు కదా మీరు కూడా. కాళ్ళు రెండూ ఎలా ఆడించేస్తందో.”

“అందుకే చెప్తున్నాను సలోమీ. ఇప్పుడు టీవీలో ఆడిస్తుంది. ఇంకో రెండు నెలలు పోతే నీ కడుపులో తంతుంది. అప్పుడు తీసేయించుకోమంటే నీవల్ల అవుతుందా? నావల్లయితే కాదు.”

అంతవరకే అనగలిగాడు. తర్వాత గోడకి ఆనుకుని, అంతమంది ఆడవాళ్ళ ముందు వెక్కి వెక్కి ఏడ్చేశాడు. చెడ్డవాడైతే సలోమి పోట్లాడేది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్క మాట తూలి ఎరగని మనిషి అలా ఏడుస్తుంటే ఆమె గుండె నీరైపోయింది. లేచి వెళ్ళి చున్నీతో అతని కళ్ళు తుడిచింది.

“ఊరుకోండి. అందరూ చూస్తన్నారు. మీరెలా అంటే అలాగేనండీ.”

డాక్టరు గారు అతన్ని బయటే ఉండమని, సలోమిని ఒక్కదాన్నే లోపలికి పిలిచింది.

“సంతకం నీదే కావాలమ్మా. ఆయనది అక్కర్లేదు. నిజం చెప్పు, నీకిష్టమేనా?”

సలోమికి ఇష్టం లేదు. తన ప్రాణం పోయినా ఇష్టం లేదు. కానీ తలుపు అవతల మనిషి ఇంకా ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

“ఆయ్,” అంది. మా వైపు ఔననడానికీ, కాదనలేనప్పుడు కూడా ఆ మాటే అంటారు. కాగితం మీద ఏం రాసుందో చదవకుండా సంతకం పెట్టేసింది.

మర్నాడు సాయంత్రానికి అంతా అయిపోయింది.

సలోమి గోడవైపు తిరిగి పడుకుంది. ఏడుపు కూడా రావడం లేదు ఆమెకి. మంచం చివర కూర్చుని శ్యామ్ బాబు ఆమె పాదాలు ఒత్తుతున్నాడు.

సెలైన్ బాటిల్ మార్చడానికి పెద్ద నర్సు హేమ వచ్చింది. పాతికేళ్ళుగా ఇలాంటి మంచాల మధ్య తిరుగుతున్న మనిషి. సలోమి తల నిమిరింది.

“బెంగ పెట్టుకోకమ్మా. మీ తప్పేం లేదు, ఆ బిడ్డ తప్పూ లేదు. నీ రిపోర్టు నేనూ చూశాను. అదే స్కానింగు, అదే రక్తం, ఇరవైల్లో ఉన్న పిల్లకైతే బాగానే ఉందని ఇంటికి పంపించేసేవాళ్ళం. ఆ కంప్యూటరు తల్లి వయసు కూడా వేసి లెక్క కడుతుంది. ముప్పై ఎనిమిది కదా నీకు. అదే రిస్కుని పైకి లాగేసింది.”

పాదాలు ఒత్తుతున్న చేతులు ఆగిపోయాయి. సలోమి మెల్లగా ఇటు తిరిగింది.

“ముప్పై నిండకపోతే ఇంటిపనికి కువైట్ పంపరని ఏజెంటు గారు నా ఆధార్‌లో తొమ్మిదేళ్ళు పెంచేరండీ,” అంది. “నాకు ఇరవై తొమ్మిదేనండీ.”