గీత పడని పట్టీ

పళ్లు తోముకోగానే ఇంటింటా అందరూ ఉమ్మిపట్టీ చూసుకుంటారు. కణాలు అదుపు తప్పి పెరగకుండా ఆపే ప్రొటీన్‌ను పట్టీ మీది యాంటీబాడీ పట్టుకుంటే ఎర్రగీత పడుతుంది; పడకపోతే క్యాన్సర్ మొదలైందని అర్థం. ఆ పొద్దున సమ్మయ్య పట్టీ తెల్లగానే ఉండిపోయింది.

భార్య స్వరూప ఫ్రిజ్ తెరిచింది. "నిన్నంత కరెంటు లేకపాయె గదా. ఇడ్లీపిండి పులిసినట్టే పట్టీలు గూడ ఖరాబైనయ్. నీకేం గాలే."

"ఖరాబైతే నీకు గూడ గీత పడొద్దు. చూడు," అన్నాడు సమ్మయ్య.

ఆమె అదే డబ్బాలోని పట్టీని నాలుక కింద పెట్టుకుంది. తనకు గీత పడకూడదని మొదటిసారి మొక్కుకుంది.

తీసి చూస్తే గీత చిక్కటి ఎరుపులో ఉంది.

స్వరూప గుప్పిట మూసింది. "నాకు గూడ పడలే."

సమ్మయ్య చెయ్యి చాపాడు. "ఏదీ, చూపియ్యి."