రాయబారి

ఫ్రెంచి ఓరల్ పరీక్షకు ఆమెది మొదటి నంబరు. ఆ నంబరు వాగుడుకాయకు ఇచ్చేసి, వెళ్లి వరండా చివరి బెంచీ మీద కూర్చుంది.

“నీకు భయమా?” అంది వాగుడుకాయ. ఆ పేరు క్లాసంతా కలిసి పెట్టింది, ఊరికే పెట్టలేదు. “మూడేళ్లూ నిన్ను చూసే గట్టెక్కాం. నువ్వే ఇలా బిక్కచచ్చిపోతే మా గతేంటే?”

ఆమెకు భయం లేదు. అసలు ఏమీ లేదు. కిందికి చూసుకుంటే కాళ్లకు ఒక చెప్పు తనది, ఒకటి హాస్టల్లో పక్క మంచం అమ్మాయిది. ఎప్పుడు వేసుకుందో గుర్తు లేదు.

ఒళ్లో ఫోను వణికింది. తెర మీద ‘అమ్మ’ అని వచ్చింది. ఆమె దాన్ని చూస్తూ కూర్చుంది. అది ఆగింది. కాసేపటికి మళ్లీ వణికింది.

“ఎత్తవే, పాపం. పరీక్ష కదా, దీవిద్దామని చేసుంటుంది.”

“లోపలికి ఫోన్లు తీసుకెళ్లకూడదుగా,” అని లేచి, తలుపు దగ్గర పెట్టిన బుట్టలో అందరి ఫోన్ల అడుగుకు తోసేసింది.

ఇంట్లో ఆమెను రాయబారి అంటారు. అమ్మకు బీపీ. చిన్న మాటకే చేతులు వణుకుతాయి. అందుకని ఆ ఇంట్లో ఏ కబురైనా ముందు రాయబారికి చేరాలి. ఆమె దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, అమ్మకు తగ్గట్టు చేసి చెప్పాలి. చెల్లెలు లెక్కల్లో తప్పినప్పుడూ అంతే, బామ్మ కళ్లజోడు మీద నాన్న కూర్చున్నప్పుడూ అంతే. “చావు కబురు చల్లగా చెబుతావే నువ్వు,” అని అమ్మ ఎంత కోపంలో ఉన్నా నవ్వేస్తుంది. నాన్న దూరంగా ఓడరేవులో క్రేను నడుపుతాడు. అక్కడివాళ్లకు కూడా కూతురి నంబరే ఇచ్చి పెట్టాడు.

ఆమెను ఫ్రెంచిలో చేర్పించిందీ ఆయనే. “ఫ్రెంచి చదివి ఏం చేస్తుందిరా, కాకులకు పాఠాలు చెబుతుందా?” అని మేనత్త ముక్కు విరిచింది. ఆయన వినలేదు. ఓడల్లో దిగే పెట్టెల మీద ఫ్రెంచి అక్షరాలు కనపడితే చాలు, ఫొటో తీసి పంపుతాడు. ‘ఇదేంటి తల్లీ?’ అని కింద రాస్తాడు. ‘నెమ్మదిగా దించండి అని, నాన్నా’ అని ఆమె జవాబిస్తుంది. ఆమె చదివే నాటకాలూ కవిత్వమూ ఆయనకు అక్కర్లేదు. కూతురు పెట్టె చదివిందని తోటివాళ్లకు చూపించుకుని మురిసిపోవడమే ఆయనకు పండగ. ఈ పరీక్షలో మంచి మార్కులు వస్తే ఆమెకు ఎం.ఏ.లో సీటు ఖాయం.

వాగుడుకాయ నవ్వుకుంటూ బయటికొచ్చింది. సూపులో ఈగ పడిందని హోటలువాడితో పోట్లాడమనే చీటీ వచ్చిందట. “దానికి చదువు కూడా అక్కర్లేదు, నా నోరు చాలు,” అంది.

అందరూ అయ్యాక ఆమెను పిలిచారు.

ఎగ్జామినరు వేరే కాలేజీ నుంచి వచ్చిన పెద్దావిడ. ముందు సిలబస్‌లోని నవల గురించి అడిగింది. తర్వాత ఫ్రాన్సులో మనుషులు ఒకరినొకరు ఎలా పలకరించుకుంటారో అడిగింది. ఆమె నోరు దానంతటదే జవాబులు చెప్పింది. చివరగా ఆవిడ చీటీల గిన్నె ముందుకు జరిపింది. వచ్చిన చీటీని బట్టి మాట్లాడాలి, అవతలి మనిషిగా ఎగ్జామినరే మాట్లాడుతుంది.

‘మీ నాన్న ఈ ఆదివారం ఇంటికి రావడం లేదు. ఆ సంగతి అమ్మకు ఫోనులో చెప్పండి.’

మొదటి ఏడాది పిల్లలు కూడా చెప్పేసే చీటీ. ఆమె మాత్రం దాన్ని చాలాసేపు చదివింది.

ఎగ్జామినరు అరచెయ్యి చెవికి ఆనించుకుని ఫ్రెంచిలో అమ్మ అయిపోయింది. “ఎందుకు రాడు?”

“పని పడింది.”

“ఏం పని? నిన్న నాతో అనలేదే?”

“ఓడ ఒకటి ఆలస్యంగా వచ్చింది.”

“అన్నం తిన్నాడా?”

“తిన్నారు.”

“ఏదీ, ఒకసారి ఆయనకివ్వు.”

“ఇక్కడ లేరమ్మా.”

“మరి ఎప్పుడొస్తాడు?”

టైమైందని గంట కొట్టారు. ఆమె లేవలేదు. వచ్చే ఆదివారం అంది. కాకపోతే ఆ పై ఆదివారం అంది. ఓడ గురించి, వాన గురించి, దొరకని రైలు గురించి ఒకదాని మీద ఒకటి చెప్పుకుంటూ పోయింది. ఎగ్జామినరు చెవి దగ్గరి చెయ్యి దించేసినా ఇంకా చెబుతూనే ఉంది.

“చాలమ్మా, చాలు,” అంది ఆవిడ తెలుగులోకి వచ్చి. “భాషకు వంక పెట్టలేను. కానీ మరీ బండరాయిలా చెప్పావు. మాట్లాడేది అమ్మతో కదా, గొంతులో కాస్త ఏదైనా ఉండాలి.”

“అవునండి,” అని నమస్కారం పెట్టి బయటికొచ్చింది.

వరండా ఖాళీ అయింది. బుట్టలో ఒక్క ఫోనే మిగిలింది. అది వణుకుతోంది. ఈసారి ఎత్తింది.

“ఏమే, పొద్దుట్నుంచీ చేస్తున్నా. పరీక్ష ఎలా అయింది?”

“బాగానే అయిందమ్మా.”

“హమ్మయ్య. నాన్న కూడా ఫోనెత్తట్లేదు. నీతో ఏమైనా అన్నాడా? ఆదివారం వస్తున్నట్టా, లేనట్టా?”

ఆమె గోడకు ఆనుకుంది. “పక్కన బామ్మ ఉందా?”

“ఉంది. ఎందుకు?”

“నాన్న ఆదివారం రారమ్మా,” అంది, పరీక్షలో చెప్పినంత స్పష్టంగానే. తెల్లవారుజామున క్రేను మీంచి పడి చనిపోయిన మనిషి ఏ ఆదివారమూ రాడన్న మిగతా మాట, పొద్దున ఓడరేవు నుంచి ఫోనొచ్చినప్పటి నుంచీ ఆమె గొంతులోనే ఉంది.