మేక కాలికి పట్టీ

ఇంటింటి పెరట్లోనూ మందాకు మొక్క వచ్చాక ఊళ్లో మాత్రలు మింగేవాళ్లే లేకుండా పోయారు. ఒంట్లో తుప్పులా పట్టిన రోగాన్నంతా ఆ ఆకే కడిగేస్తుందట. కడిగిందో లేదో మొక్కతోపాటు ఇచ్చిన, చేతికి గడియారంలా కట్టుకునే మాటల పట్టీ నాడి చూసి చెబుతుందట. ఓబులమ్మ కూడా తన మొగుడు చెంచయ్యకు రోజూ దాన్నే పప్పులో వేసి పెడుతోంది. అయినా ఆయన పాదాలు పొంగుతూనే ఉన్నాయి. వేలితో నొక్కితే పడిన గుంట ఎంతకీ పూడడం లేదు.

"పట్టీ బాగుందంటోంది గదే! నీ వేలు దానికంటే పెద్ద డాక్టరా?" అన్నాడు చెంచయ్య.

"ఈ ఆకును పురుగు ముట్టదు, మన మేక మూతి గూడా పెట్టదు. నాకు మొదట్నించీ అనుమానమే. ఏదీ, ఆ పట్టీ ఇటియ్యి."

ఓబులమ్మ దాన్ని తీసుకెళ్లి దొడ్లో మేక ముంగాలికి బిగించింది. కాసేపటికి పట్టీ తియ్యగా పలికింది: "శభాష్ చెంచయ్య గారూ! మందాకు మీకు బాగా పనిచేస్తోంది. మానకుండా తినండి."

చెంచయ్య నోరు తెరిచాడు. మేక నెమరేస్తూ ఆయన వంక చూసింది.

"చెప్పులేసుకో," అంది ఓబులమ్మ. "పట్నంలో మనిషి డాక్టరు ఇంకా ఎవరన్నా మిగిలున్నారేమో చూద్దాం పద."

చెంచయ్య వంగి చెప్పులు తొడుక్కోబోయాడు. పాదాలు పట్టలేదు.