ఎనర్జీ సిగ్నల్‌కు ఒక్క మాట

ల్యాబ్ గుమ్మం దగ్గర ఆ మనిషి మళ్లీ నిలబడ్డాడు.

మేడమ్ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఈ ఏడే కాలేజీలో లెక్చరర్‌గా చేరింది. వైరు ముక్క పోయినా తన మెడకే చుట్టుకుంటుందని ఆమె భయం.

"ఈ ఫ్యాను చప్పుడు ఎప్పటికీ ఆగదనుకుందాం," అంది పిల్లలతో. "మొత్తం ఎనర్జీ లెక్కకు అందదు. సగటు పవర్ అందుతుంది. ఇది పవర్ సిగ్నల్."

తర్వాత కంప్యూటర్ మీట నొక్కింది.

"వస్తున్నా," అంది స్పీకర్లోంచి ఓ ఆడపిల్ల గొంతు. పాత విద్యార్థులెవరో రికార్డు చేసి వదిలేసిన మాట.

"ఇది మొదలైంది, అయిపోయింది. ఎనర్జీ ఇంత అని చెప్పొచ్చు. ఎప్పటికీ సాగే కాలం మీద సగటు తీస్తే పవర్ సున్నా. ఇది ఎనర్జీ సిగ్నల్."

గుమ్మంలోని మనిషి కళ్లు మూసుకుని విన్నాడు.

మేడమ్‌కు ఒళ్లు మండింది. వీడి కన్ను సామాను మీద కాదన్నమాట.

పిల్లలు వెళ్లాక అతను లోపలికొచ్చి, జేబులోంచి పెన్ డ్రైవ్ తీశాడు.

"మేడమ్, ఆ మాట ఇందులో వేసిస్తారా?"

"ఎందుకు?"

"వినడానికండి."

"ఆడపిల్ల గొంతుతో మీకేం పని?"

అతను తల దించుకుని పెన్ డ్రైవ్ వైపు చూశాడు. తేలు కుట్టిన దొంగలా ఎలా నిలబడ్డాడో చూడు అనుకుంది మేడమ్.

"ఆ అమ్మాయినే వచ్చి అడగమనండి. ఇస్తాను."

"తను రాదండి."

"అయితే నేనూ ఇవ్వను."

అతని కళ్లముందే ఆ ఫైలు తీసిపారేసింది. కంప్యూటర్ చెత్తబుట్టలోంచి కూడా తుడిచేసింది.

"రేపట్నుంచి చప్పట్లు కొట్టి చెబుతాను ఈ పాఠం. మీరిక రానక్కర్లేదు."

"ఇంకెక్కడైనా ఉందాండీ?"

"లేదు."

అతను తలూపి, పెన్ డ్రైవ్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఓ పిల్లను కాపాడానని మేడమ్‌కు గుండె నిండిపోయింది. అటెండర్‌ని పిలిచి కడిగేసింది.

"ఎవరిని పడితే వాళ్లని లోపలికి వదిలేస్తావేం?"

అటెండర్ మొహం వెలిగింది.

"ఆయన మొత్తానికి మిమ్మల్ని అడిగారా మేడమ్? మీరు కోప్పడతారేమోనని ఇన్నాళ్లూ గుమ్మంలోనే నిలబడ్డారు. మీరు రాకముందు ఇక్కడ చదివే పిల్ల ఒకతి యాక్సిడెంటులో పోయింది. ఫోను కూడా నుజ్జయిపోయి, ఇంట్లో ఆ పిల్ల మాటన్నది ఒక్కటీ మిగల్లేదట. మన కంప్యూటర్‌లో ఉన్నది ఆ పిల్ల గొంతే, ఆయన వాళ్ల నాన్న."