కాటమ్మ పెండ్లికి కాగితం

"నా పెండ్లి చెడగొట్టింది నువ్వే పటేలా! నువ్వు, నీ ఎనక నోరు మూసుకొని నిలబడ్డ గీ ఊరు!"

గడి వాకిట్లో నిలబడి కాటమ్మ అరిచింది. కోటలాంటి ఆ దొర బంగళాలో పోలీసు క్యాంపు పెట్టాక ఆడమనిషి గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. చంకలో నీళ్ల కడవ, భుజాన బట్టల మూట. ఒళ్లంతా పసుపు. ఆమె వెనక మేనత్త ముత్తమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. కాబోయే అత్త కూడా ఆమే.

పటేలు పిచ్చయ్య రుమాలు సర్దుకున్నాడు. "పోరీ, నోరు సంబాళించుకో. కొత్త సారు లోపలున్నడు."

"ఉన్నడనే వచ్చిన. పాత సారుకు మొక్కి మొక్కి మోకాళ్లు అరిగినయ్."

రజాకార్లు పోయి యూనియన్ పోలీసులు వచ్చి ఏడాదయింది. కోదాడ బాట పక్కనున్న ఆ ఊళ్లో టోపీలు మారాయి. గడి మారలేదు, పటేలు మారలేదు.

ఇన్‌స్పెక్టరు రాజారత్నం బయటికి వచ్చాడు. కోస్తా మనిషి. మొన్ననే బదిలీ మీద దిగాడు.

"ఏమ్మా, ఏమిటీ గోల?"

"నలభై రోజుల కింద మా బావ సైదయ్యను పట్టుకచ్చిండ్రు సారూ. మిర్యాలగూడ అంగట్ల మూటలు మోసేటోడు. పెండ్లికని ఊరికొచ్చిండు. నలుగు పెట్టుకున్న ఒంటితోనే గుంజుకచ్చిండ్రు. కమ్యూనిస్టుల సంగం చీటీలు దొరికినయని గీ పటేలు చాడీ చెప్పిండు."

"ఇప్పుడేం కావాలి?"

"మా బావను నా చేతికియ్యుండ్రి. ఇయ్యాల పొద్దుగుంకక ముందే పెండ్లి."

రాజారత్నం నవ్వాడు. "నీ పెళ్లి నువ్వే చేసుకుంటున్నావన్నమాట."

అవును, తానే చేసుకుంటోంది. సూర్యాపేట దాకా నడిచిపోయి పుస్తె తానే చేయించుకుంది. మెట్టెలు తానే బేరమాడింది. మొదలుపెట్టిన నలుగు మధ్యలో ఆపకూడదని నలభై రోజులూ సాయంత్రం కాగానే పసుపు నూరుకుంది. మొదటి రోజుల్లో తోడొచ్చిన ఆడవాళ్లు తరువాత ఆ వాకిలి తప్పించి నడిచారు. పాట పాడే దిక్కులేక తానే పాడుకుంది. నడుమ నడుమ పాట ఆపి చెవులు రిక్కించేది. తన గొంతులో ఇంకో గొంతు కలిసినట్టు ఉండేది.

"పెద్దవాళ్లు ఏమంటారు?" అన్నాడు రాజారత్నం ముత్తమ్మ వైపు చూసి.

ముత్తమ్మ మెల్లగా అంది: "మా పోరడు రోజు తెల్లారంగ వాకిట్ల నిలబడి పిలుస్తుండు సారూ. అవ్వా ఆకలైతందంటడు. తలుపు తీస్తే ఉండడు. పోరని లగ్గం అయితే జర నిమ్మలపడతడు."

"కొడుకు మీద బెంగ సారూ," అన్నాడు పిచ్చయ్య తొందరగా. "ముసల్దానికి మతి తప్పింది. ఎల్లగొట్టుండ్రి."

"మీరుండండి పటేలు గారూ." రాజారత్నం కుర్చీ లాక్కున్నాడు. కొత్తగా వచ్చాడు, ఊళ్లో మంచి పేరు కావాలి. "జనం గుమిగూడకూడదని ఉత్తర్వులున్నాయమ్మా. ఎంతమంది వస్తారు?"

"నలుగురు సాలు."

"వంటలు?"

"ఇయ్యాల మా ఇంట్ల పొయ్యి ముట్టియ్యం. సుట్టాలే తెస్తరు."

"మేళం?"

"డప్పు ఒక్కటి."

"ఊరేగింపు?"

"గీడికెళ్లి మా చెలక సేను దాంక. గంతే. తానం గీడనే పోస్తం. నీళ్లు తెచ్చిన, కొత్త దోతి తెచ్చిన."

"ఇంత చప్పని పెళ్లి నేనెక్కడా చూడలేదు."

"మీరు సూడనియి శాన ఉన్నయ్ సారూ."

రాజారత్నం రిజిస్టరు తెప్పించి వేలితో వెతికాడు. "సైదయ్య, హమాలీ. ఇదిగో. లోపలికి వచ్చినట్టు ఉంది. బయటికి పోయినట్టు లేదు. అంటే ఇక్కడే ఉన్నాడు."

"పారిపోయిండు సారూ!" పిచ్చయ్య గొంతు కీచుమంది. "అడివిల సంగపోళ్లల్ల కలిసిండు."

"ఎప్పుడు?"

"ఎప్పుడో... పాత సారు ఉన్నప్పుడు."

"పారిపోతే రాయరా? ఇదేమన్నా సంతా?"

పిచ్చయ్య నుదుటి మీద చెమట పట్టింది. కాటమ్మ అతని వైపు చూడనైనా లేదు. ఆమె కళ్లు రిజిస్టరు మీద ఉన్నాయి.

"రాయుండ్రి సారూ. నా పేరు, మా బావ పేరు. ఆయనను నాకే ఒప్పజెప్తున్నట్టు."

రాజారత్నం ఒక కాగితం తీసి రాశాడు. ఆమె రెండుసార్లు చదివించుకుంది. ముద్ర వేయించింది. ముద్ర తడి ఆరేదాకా ఊదింది.

"మల్ల మాట మార్సరు గద?"

"సర్కారు కాగితమమ్మా. దానికి తిరుగులేదు." రాజారత్నం చూరు కింద నిలబడ్డ జవాన్ల వైపు తిరిగాడు. "వెళ్లండి. సైదయ్యను తీసుకురండి."

ఎవరూ కదల్లేదు. ఒకడు తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఇంకొకడు పటేలు వైపు చూశాడు.

"చెవుడా మీకు? ఎక్కడ పెట్టారతన్ని?"

పిచ్చయ్య స్తంభం పట్టుకున్నాడు.

"ఆళ్లను తిట్టకుండ్రి సారూ," అంది కాటమ్మ. "నేను సూపిస్త, రాండ్రి."

కాగితం కొంగున ముడి వేసుకుంది. ఒక చేత్తో అత్తను పట్టుకుని గడి వెనక్కి నడిచింది. జవాన్లు దారి ఇచ్చారు. రాజారత్నం అర్థంకాక వెంట నడిచాడు. పశువుల కొట్టం దాటాక, గోడ నీడలో మట్టి కుంగినచోట ఆమె ఆగింది. చంకలోని కడవ దించింది. మూట విప్పి కొత్త దోతి దులిపింది. తల తిప్పి ఇన్‌స్పెక్టరు కళ్లలోకి సూటిగా చూసింది.

"ఈడ తవ్వుండ్రి."