రాజవ్వ అడిగిన నవల

ఆ సోమవారం లైబ్రరీ తెరవాలని సత్తయ్య అనుకోలేదు. ఊరి బయట ఒక ముసలామె ఎదురై వెంటపడింది కాబట్టి తెరిచాడు.

"నువ్వు లైబ్రరీ సారువే గదా? నాకో పుస్తకం గావాలె" అంది.

"ఇయ్యాల బంద్ అవ్వా."

"సోమారం బందేంది? నడువు, నేను గూడ వస్త."

వాదించే ఓపిక లేదు. ఆమె ముందు, తను వెనక. కోరుట్ల బజారు దాటి వచ్చి తాళం తీశాడు.

ఊరి కుర్రాళ్లు కలిసి పెట్టుకున్న లైబ్రరీ అది. రెండు బీరువాలు, ఒక బల్ల. సత్తయ్య మస్కట్ నుంచి ఒంట్లో సత్తువ పోయి తిరిగొచ్చాక, పుస్తకాలంటే ఇష్టమని తెలిసి అందులో కూర్చోబెట్టారు. ఆ ఇష్టం అప్పటి మాట. లేబర్ క్యాంపులో నవలలు ఒకరి మంచం నుంచి ఇంకొకరి మంచానికి తిరిగేవి. అట్టలు ఊడినవి, చివరి పేజీలు పోయినవి. దేన్నీ వదిలేవాడు కాదు. విమానాలు ఆగిపోయిన ఏడాది ఇక్కడ శాంత చచ్చిపోయింది. భార్య కడసారి చూపు అతనికి ఫోన్లోనే దక్కింది. ఆ తర్వాత ఒక్క పుస్తకమూ తెరవలేదు. పిల్లలు లేరు. ఇంటికి వెళ్తే గోడలు, ఇక్కడికి వస్తే బీరువాలు.

"నవల ఇయ్యి సారూ. నువ్వు మెచ్చింది" అంది ముసలామె.

చేతికందినది తీసిచ్చాడు. ఆమె అందుకోలేదు.

"ముందుగాల కథ జెప్పు. నచ్చితేనే తీస్కపోత."

ఎప్పుడో చదివిన నవలే. అక్క చనిపోతే ఆమె పిల్లలను బట్టలు కుట్టి సాకిన ఒక అమ్మాయి కథ. రెండు ముక్కల్లో చెప్పి పంపేద్దామనుకున్నాడు. ఆమె బల్ల మీద మోచేతులు ఆన్చి "అటెన్క?" "అటెన్క?" అంటూ సగం కథ రాబట్టింది.

"చాలు. మిగిలింది ఇంటికాడ చూస్కుంట."

"పేరు?"

"రాజవ్వ. నువ్వే రాస్కో. బీడీలు చేసే చేతులు, అంత తంబాకే."

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"మల్ల సోమారం వస్త. ఇంకోటి చూసి పెట్టు. నువ్వుండాలె మరి."

"ఉంట" అన్నాడు సత్తయ్య. ఎందుకన్నాడో అతనికే తెలియలేదు.

అన్నట్టే వచ్చింది. పుస్తకం బల్ల మీద పెట్టి నిట్టూర్చింది. "గా పోరి గంత కష్టపడ్డది. నాకైతే రెండు దినాలు బువ్వ సయించలే. ఇంకోటి జెప్పు. ఇంకా లావుది."

చెప్పాలంటే చదవాలి. చదివినవన్నీ ఎప్పుడో కలగాపులగమయ్యాయి. ఆ ముసలామె పోరు పడలేక ఒక లావు నవల ఇంటికి తీసుకుపోయాడు. మొదటి పేజీ నాలుగుసార్లు చదివినా ఎక్కలేదు. కళ్లు మండాయి. పొద్దున మళ్లీ తీశాడు. చదువుతూ కూర్చుంటే ఆకలైంది. చాలా రోజుల తర్వాత పొయ్యి మీద ఎసరు పెట్టాడు.

రాజవ్వ తానొక్కతే వచ్చి ఊరుకోలేదు. బీడీల కార్ఖానాలో అందరికీ చెప్పినట్టుంది. "రాజవ్వ చెప్పింది సార్, మీరు మెచ్చింది ఇయ్యున్రి" అంటూ ఆడవాళ్లు రావడం మొదలైంది. దుబాయి నుంచి వచ్చిన భీమయ్య ఒక నవల తెచ్చిచ్చాడు. "మా రూముల అందరం చదివినం. ఏడ్వనోడు లేడు. గిది గూడ పెట్టు సారూ" అన్నాడు. సత్తయ్య బీరువాలో ఒక అర ఖాళీ చేసి, 'మనోళ్లు మెచ్చిన నవలలు' అని అట్టముక్క మీద రాసి అంటించాడు.

అలసట పోలేదు. శాంతా తిరిగి రాలేదు. కానీ ప్రతి సోమవారానికి ఒక కథ సిద్ధం చేయాల్సిన పని ఒకటి నెత్తిన పడింది. తప్పించుకునే దారి దొరకలేదు.

వానలు పట్టాక ఒక సోమవారం రాజవ్వ రాలేదు. సాయంత్రం దాకా వాకిలి వైపు చూశాడు. మర్నాడు కొత్త నవల సంచిలో పెట్టుకుని, ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు.

వాకిట్లో కోడలు స్వప్న చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది. లోపల మంచంలో రాజవ్వ దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది.

"జరం సార్. కీళ్లు పట్టుకున్నయ్. ఇప్పుడే కన్ను మలిగింది."

"లేపకమ్మా. గీ పుస్తకం ఇద్దామని వచ్చిన. మొన్నటి దానికంటే మంచిగుంటది. మంచంల ఉన్నది గదా, చదువుకుంటె పొద్దు పోతది."

స్వప్న పుస్తకం అందుకుంది. అటూ ఇటూ తిప్పింది. అత్త నిద్రపోతోందో లేదో ఒకసారి లోపలికి చూసింది. కొంగుతో అట్ట మీది వాన చుక్క తుడిచి, చిన్న గొంతుతో అంది.

"చెప్తే నన్ను తిడ్తది గని సార్, మా అత్తకు అచ్చరం ముక్క రాదు, గా పొద్దు ఊరి బయట మీరు రైలు పట్టాల మీద కూసున్నది చూసి, ఏం జెప్పి లేపాల్నో తెల్వక పుస్తకం గావాలన్నదట."